అటక మీది మోకు

మొన్న కాశీబుగ్గలో మా తమ్ముణ్ణి ఆటోలో డయాలసిస్‌కు తీసుకెళుతుంటే రోడ్డుకు అడ్డంగా తాడు కట్టేశారు. ఎవరో పెద్ద నాయకుడు వస్తున్నాడట. తమ్ముడికి ఒళ్లంతా నీరు పట్టింది, ఊపిరందక ఆటో కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు. ఆలస్యమైతే వాడి మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. దిగి బతిమాలాను. తాడు కొస పట్టుకున్నవాడు పోలీసు కూడా కాదు, మా వీధివాడే. వాళ్లమ్మా అదే ఆసుపత్రికి వెళుతుంది. "మనోడే గదా మావా వత్తన్నాడు, కూసింత ఓర్సుకో" అన్నాడు నవ్వుతూ. మనోడే! వాడి చేతిలోది పచ్చటి నైలాన్ తాడు. అయినా నా ముక్కుకు మాత్రం నానిన కొబ్బరి పీచు వాసన కొట్టింది.

ఉద్దానంలో మా పెరటి గుంటలో ఎప్పుడూ కొబ్బరి డొక్కలు నానుతూ ఉండేవి. చుట్టాలు ముక్కు మూసుకుని అన్నం తినేవారు, మాకు ఆ వాసనే తెలిసేది కాదు. మామ్మ పీచు కొట్టేది, మగవాళ్లు ఆ పీచుతో లావుపాటి మోకులు పేనేవారు. దొరల కాలంలో టెక్కలి దగ్గర విడిది బంగళా ముందు కట్టిన మోకు మా ఇంట్లో పేనిందే. అర్జీలు పట్టుకొచ్చిన జనం దాని వెనకే నిలబడాలి. వయసులో ఉన్నప్పుడు మా తాత, శిస్తు గురించి దొరకే చెబుదామని ఆ మోకు ఎత్తి లోపలికి అడుగేశాడు. బంట్రోతు లాఠీ దెబ్బకు కుడిచేతి చూపుడువేలు విరిగి, వంకరగా అతుక్కుంది. ఇక తాత ఆ వేలిని చూపించని మనిషి లేడు. పెళ్లి బంతిలో వడ్డించేవాళ్లు కూడా వేలి కథ విన్నాకే ఆయన విస్తట్లో పులుసు పోయగలిగేవారు. తరవాత ఆయన్ని పంచాయతీ ప్రెసిడెంటును చేసింది కూడా ఆ వేలే.

దొరలు వెళ్లిపోయిన కొత్తలో జనం ఆ మోకును ఊళ్లోకి లాక్కొచ్చి తగలబెట్టబోయారట. తాతే అడ్డుపడ్డాడు. "మన పీసు, మన సేతులతో పేనుకున్నాం. మోకేటి సేసింది? పట్టుకున్నోడిది తప్పు గానీ" అన్నాడట. పీచు పని చేసేవాళ్లకు గట్టి మోకును కాల్చాలంటే ప్రాణం ఒప్పదు కదా, అందరికీ ఆ మాట నచ్చింది. మోకు మా అటకెక్కింది. మామ్మ ఒక్కతే "దాసినోడు వాడక మానతాడేటి" అని గొణిగిందట.

నాకు ఊహ తెలిశాక ఒక వేసవిలో మా ఊరికి మంత్రి వచ్చాడు. జనం దండలతో మీద పడతారని తాత "ఈ ఒక్కసారికే" అంటూ మోకు దింపించాడు. మంత్రిగారికి ఆ ఏర్పాటు భలే నచ్చింది. తరవాత కలెక్టరు వచ్చినప్పుడు దింపారు. ఆ తరవాత అటకెక్కించడం దండగనుకున్నారో ఏమో, పంచాయతీ అరుగు ముందే రెండు గుంజలకు కట్టి వదిలేశారు. ఎవరూ బలవంతపెట్టలేదు, ఎవరూ అడ్డుచెప్పలేదు. మోకు లేకపోతే ప్రెసిడెంటని ఎలా తెలుస్తుందన్నారు కూడా. అధికారం అంటే ఇలాగే ఉంటుందని దొర చూపించి పోయాడు, ఇంకోలా ఉండడం మావాళ్లెవరూ చూడలేదు. పైగా ఇప్పుడు కూర్చున్నవాడు మనవాడాయె, వాణ్ణి అడగడం మర్యాద కాదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు రోత పుడుతుంది.

ఒకరోజు మామ్మ అన్నగారు తన చేనికి నీరు రావడం లేదని చెప్పుకోవడానికి వచ్చాడు. చుట్టరికం ఉంది కదా అని మోకు ఎత్తి లోపలికి అడుగేశాడు. తాత కుర్చీలోంచి లేవలేదు. "ఎనక్కెల్లు బావా, వరసలో రావాల" అని వేలు చూపించాడు. ఆ వంకర వేలే. ముసలాయన వంగి మోకు కిందనుంచి బయటికి వెళ్లి, అటే తన ఊరికి నడిచిపోయాడు. ఆ సాయంత్రం మామ్మ కంచం పెట్టి ఎదురుగా నిలబడింది. "దొర ఎల్లిపోనాడనుకున్నాను. రోజూ నా సేతి కూడే తింతన్నాడు" అంది. తాత కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. మర్నాడు మాత్రం మోకు ఉండాల్సిన చోటే ఉంది.

కాశీబుగ్గలో చివరికి కార్లు దుమ్ము రేపుకుంటూ పోయాయి. మా వీధివాడు తాడు చంకలో పెట్టుకుని మరీ దండం పెట్టాడు. లోపలున్న మహానుభావుడు అద్దమైనా దించలేదు. మేం ఆసుపత్రి చేరేసరికి తమ్ముడి మంచం మీద ఇంకెవరో ఉన్నారు. రేపు పొద్దున్న రమ్మన్నారు. వాడు గోడకు చేరబడి, "రేపటి దాకా ఉంతానా అన్నియ్యా?" అన్నాడు. ఆ నాయకుడి మీద, తాడు పట్టినవాడి మీద, మా తాత మీద కలిపి ఉమ్మేయాలనిపించింది. ఈ ఒక్కసారికే అన్నాడు తాత. ఆ ఒక్కసారి ఇంకా అయిపోలేదు.