డబుల్ అంటే ఒక్క మంచం

ఓడ ప్రయాణంలో నన్ను ముంచింది నీళ్లు కాదు, ఒక్క మాట. ఆ మాట ‘డబుల్’. మా పాలమూరు వైపు డబుల్ అంటే సర్కారు కట్టించే రెండు పడకగదుల ఇల్లు. మా అనసూయక్క కూడా దానికి దరఖాస్తు పెట్టుకుంది గానీ, చీటీలు తీసినప్పుడు పేరు రాలేదు. అందుకే మహబూబ్‌నగర్ టూర్ల ఆఫీసు అతను ఫోన్‌లో “మేడం, గది డబులా, ట్విన్నా?” అనగానే “డబులే రాయి” అన్నాను. రెండు గదులు కాకపోయినా రెండు మంచాలన్నా ఉంటాయనుకున్నాను. ముప్పై ఏళ్లు బస్సు కండక్టర్‌గా చేసి రిటైరైనదాన్ని, టికెట్ల సంగతి నాకొకరు చెప్పాలా అనే పొగరు కూడా తక్కువేం కాదు.

రెండు మంచాలు ఎందుకంటే, అక్కకు పోయిన ఏడాది తుంటి ఆపరేషన్ అయింది. నారాయణపేటలో నలభై ఏళ్లు గుంట మగ్గం మీద, అంటే నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకొని, చీరలు నేసిన మనిషి. ఇక గుంటలోకి దిగొద్దన్నాడు డాక్టర్. ఎత్తెక్కొద్దు, కాళ్ల నడుమ దిండు పెట్టుకొని ఒక్కతే పడుకోవాలి, ఎవరి కాలూ తగలకూడదు అని కూడా చెప్పాడు. నేనేమో నిద్రలో తంతాను. చిన్నప్పుడు నా పక్కన పడుకోనని అక్క ఏడ్చేది.

అక్కది ఒంటిగది ఇల్లు. ఉన్న ఒక్క కిటికీ దగ్గర మగ్గం, మగ్గం వెనక చీకట్లో మంచం. ఏడాదిగా మగ్గం ఊరికే ఉంది కదా, కిటికీ దగ్గర మంచం వేద్దామని ఒకసారి అన్నాను. “మగ్గం ఉన్న జాగల మంచమేస్తవానే?” అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అదే మనిషి ఒకరోజు టీవీలో ఓడను చూసి, “పండుకొని సముద్రం సూడాలెనే చంద్రీ. నిలవడి సూసుడు ఇంక నాతోని గాదు” అంది. చూపించి తీరాలనుకున్నాను.

బయలుదేరిన రోజు మధ్యాహ్నం రెండున్నరకు నారాయణపేటలో బస్సెక్కి, నాలుగున్నరకు మహబూబ్‌నగర్ స్టేషన్ చేరాం. జొన్న రొట్టెలు, పల్లీల పొడి కట్టుకున్నాం. చెన్నై రైలు ఆరు దాటాక వచ్చింది. అక్కకు కింది బెర్తు, నాకు మధ్య బెర్తు. ఎదురు బెర్తులో ఉన్నది నల్లగొండలో నర్సుగా చేసే ఆమె. ఇదే ఓడలో ఇంతకుముందు వెళ్లొచ్చిందట.

“ఓడ నడుమ గది తీస్కుంటే ఊపు తక్కువుంటదక్కా. మేం కొసకు తీస్కొని వాంతులతోని సచ్చినం” అంది. “మీ గదిల ఎన్ని మంచాలో అడిగిన్రా?”

“డబుల్ అన్నంక రెండే గదా” అన్నాను.

“ఎందుకైనా మంచిది, ఫోన్ చేసి అడుగున్రి” అంది. నేను వినలేదు.

పొద్దున ఏడున్నరకు చెన్నైలో దిగి, స్టేషన్‌లోనే స్నానాలు, ఇడ్లీలు కానిచ్చి, పదకొండుకు ఆటోలో రేవుకు వెళ్లాం. సామాన్ల తనిఖీ, ఫోటోలు, వరసలు అన్నీ అయ్యేసరికి రెండు. మా గది ఐదో అంతస్తులో, ఓడకు సరిగ్గా నడుమ ఉంది. తలుపు తీశాను. గోడ నిండా కిటికీ, దాని పక్కన ఒకే ఒక పెద్ద మంచం.

గదులు సర్దే ఆయన మలయాళీ, యాభై దాటిన నెమ్మది మనిషి. హిందీలో వివరించాడు. డబుల్ అంటే ఇద్దరికి కలిపి ఒక మంచం, ట్విన్ అంటే రెండు విడి మంచాలు. చాలా గదుల్లో రెండు మంచాలను దగ్గరికి జరిపి ఒకటి చేస్తారు, కావాలంటే విడదీస్తారు, కానీ మా గదిలోది ఒకే చెక్క. కింద కౌంటర్‌కు పోయి అడిగితే కిటికీ గదులన్నీ నిండాయన్నారు. రెండు మంచాలున్నది లోపలి గది ఒక్కటే మిగిలింది, దానికి కిటికీ ఉండదు.

“గదే తీస్కో. కిటికీ లేకుంటే ఏమాయె, రొండు రాత్రులే గద” అంది అక్క. అప్పటికే సంచి చేతికి తగిలించుకుంది.

నాకు నా మీదే మండింది. ఇంట్లో మగ్గం వెనక చీకట్లో పడుకునే మనిషిని ఇంత దూరం తెచ్చి మళ్లీ చీకట్లోనే పడుకోబెట్టాలా? ఆఫీసు అతని తప్పేమీ లేదు, అడగాల్సింది నేను. “సంచి కింద పెట్టు. గీ గది ఇడిసేది లేదు” అన్నాను.

డ్యూటీ ఎక్కేముందు బస్సును చూసినట్టు గదంతా చూశాను. మంచం కిందికి వంగాను, అలమార తెరిచాను. కిటికీకి ఎదురు గోడ మీద, పైకప్పుకు ఆనుకొని, ఒక పలక చుట్టూ సన్నని గీత కనిపించింది. మూలన తాళం రంధ్రం. ఇదేమిటని మలయాళీ ఆయన్ను అడిగాను. మూడో మనిషి వస్తే దించే మడత మంచమట. దించమన్నాను.

“నిచ్చెన ఎక్కాలి, ఈ వయసులో మీకెందుకమ్మా?” అన్నాడు.

“బస్సు టాపు మీదికెక్కి మూటలు లెక్కపెట్టినదాన్ని. దించండి.”

అక్క మొహం ముడుచుకుంది. “పడితే నీ తుంటి గూడ మారుస్తరు. గప్పుడు ఇద్దరం కట్టెలు పట్కొని తిరగాలె” అంది.

ఐదింటికి ఓడ కదిలింది. పైమంచం మీద కూర్చుంటే తల కప్పుకు తగులుతోంది, పక్కకు తిరిగితే ఇనప కడ్డీ మోచేతికి తగులుతోంది. అయినా కింద అక్క అంత పెద్ద మంచం మీద ఒక్కతే, కాళ్ల నడుమ దిండుతో పడుకుంటే నాకు అదే చాలనిపించింది.

పొద్దున ఐదూ ముప్పావుకు అక్క చేతికర్ర నా మంచానికి కింది నుంచి టకటకా తగిలింది.

“చంద్రీ, లేసినవా? జర ఇటు సూడు.”

పై నుంచి తల వంచి చూశాను. అక్క కిటికీ వైపు తిరిగి పడుకొని ఉంది. బయట ఎటు చూసినా నీళ్లే. పైన తెల్లగా, కింద ఇంకా నల్లగా.

“దీనికి అంచు ఏడుందే?” అంది.

అంచుకు పేరు పడ్డ చీరలు నేసిన మనిషి కదా, సముద్రానికి కూడా ముందు అంచే వెతికింది. నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. టీ చల్లారిపోయినా అక్క ఎనిమిది దాకా అలాగే పడుకొని చూసింది. రెండో పొద్దు కూడా రేవు కనిపించేదాకా అంతే. ఓడలో ఆటలు, పాటలు, ఈతకొలను చాలా ఉన్నాయి. వాటి గురించి నన్నడగకండి, మేం చూడలేదు.

మీరు వెళ్లేట్టయితే గది పేరు చూసి మోసపోకండి. లోపలి గదికి కిటికీ ఉండదు, కానీ చవక. కొన్ని కిటికీలకు రక్షణ పడవ అడ్డముంటుందట, ఆ సంగతి కూడా కనుక్కోండి. బాల్కనీ గది మా తాహతు కాదు కాబట్టి దాని మంచీ చెడూ నాకు తెలియదు. అన్నిటికన్నా ముందు ఎన్ని మంచాలు, విడదీస్తారా, పైమంచం ఉందా అని అడిగి కాగితం మీద రాయించుకోండి. అడగడానికి సిగ్గుపడొద్దు, నేను పొగరుకు పోయి అడక్కే ఇరుక్కున్నాను.

మూడో రోజు పొద్దున రేవులో దిగి, సాయంత్రం రైలెక్కి, మర్నాడు తెల్లారి మహబూబ్‌నగర్ వచ్చాం. ఎనిమిదింటి నారాయణపేట బస్సులో అక్కను కిటికీ పక్కన కూర్చోబెట్టాను. ఊరు ఇంకో అరగంట ఉందనగా, బయటికే చూస్తూ అంది.

“గుంట పూడ్పియ్యే.”

“ఏ గుంట?”

“మగ్గం గుంట. నాకెట్లైనా దిగరాదు. మగ్గం ఇప్పి, గా కిటికీ కాడ మంచమెయ్యి.”

అక్క చెయ్యి పట్టుకున్నాను. నలభై ఏళ్ల నేతకు కాయలు కాసిన వేళ్లు, ఏడాదికే కొంచెం మెత్తబడ్డాయి. అడిగాను.

“మంచం ఒక్కటేనా, రెండా?”

“రొండెయ్యి” అంది. “నువ్వొచ్చినప్పుడు నన్ను తన్నకుంట.”