తాడు పట్టే తోడు

ఈ రోజు పొద్దున్నే కోయంబత్తూరు నుంచి దిండిగల్ దగ్గరి కొండకు వెళ్ళాను. రాతి పగుళ్ళలో మనమే లోహపు బిళ్ళలు ఇరికించి, వాటికి తాడు తగిలిస్తూ ఎక్కే పద్ధతి నాది. జారితే ప్రాణం కాపాడేది ఆ బిళ్ళా, కింద తాడు పట్టిన మనిషీ. అలాంటి తోడు కోసం ఏడాదిగా వెతుకుతున్నాను. వచ్చినవాళ్ళంతా నన్ను పొగిడేవాళ్ళే.

ఈ రోజు రాజేశ్వరి అనే అమ్మాయి మొదటిసారి వచ్చింది. దిండిగల్‌లో వాళ్ళకు తాళాల అంగడి ఉంది. నేను మొదటి బిళ్ళ పెట్టి పైకి కాలు వేయబోతుంటే కిందనుంచి ఆపింది.

"అన్నా, కొంచెం నిలవండి. అది సరిగా కూర్చోలేదు."

"తొమ్మిదేండ్లుగా ఎక్కతా ఉండానమ్మా."

"ఉండనీండి. ఒక తూరి లాగి చూసి, అప్పరం పోండి."

కోపంగానే లాగాను. బిళ్ళ ఊడి చేతిలోకి వచ్చింది. 'చూశారా' అని ఆమె అనలేదు. నేను మళ్ళీ పెట్టేదాకా తాడు పట్టుకుని నిలబడింది.

పైదాకా ఎక్కి దిగాక, వచ్చే ఆదివారం కూడా వస్తావా అని అడిగాను.

"వస్తానన్నా. ఆ తూరి నేను ముందు ఎక్కతాను, మీరు తాడు పట్టండి. నేనూ మిమ్మల్ని చూడాల కదా."

పరీక్ష పెడుతున్నది నేనొక్కడినే అనుకున్నాను ఇన్నాళ్ళూ. మీకెవరైనా ఇలా చెప్పారా?