జోసఫిన్ బ్లాగులో మా రేష్మ

జోసఫిన్ చెడ్డ మనిషని నేను ఎక్కడా అనలేదు, ఇప్పుడూ అనను. చెడ్డ మనిషైతే మొదట్లోనే దూరంగా పెట్టేదాన్ని, వ్యవహారం ఇంతదాకా వచ్చేదే కాదు. చేసిందంతా మంచితనంతోనే చేసింది. నాకు మింగుడుపడనిది అదే.

మా నేపర్‌విల్ తెలుగు చర్చిలో ఆమెను ఎరగనివాళ్ళు లేరు. చీరాల పిల్ల. నర్సింగ్ చదివి గుంటూరులో పిల్లల వార్డు చూసుకున్న మనిషి. ఆనందబాబును కట్టుకుని ఈ దేశం వచ్చాక ఆ చదువు అక్కరకు రాలేదు. ఇక్కడి పరీక్షలు రాయాలన్నారు. రాద్దామనుకునేసరికి పెద్దవాడు కడుపున పడ్డాడు, మళ్ళీ పుస్తకం తీసేసరికి చిన్నది. ఆనందబాబుది కంప్యూటర్ ఉద్యోగం. పల్లెత్తు మాట అనే రకం కాదు గానీ నలుగురిలో ఉన్నప్పుడు "మా ఆవిడ ఇంట్లోనే ఉంటుందండీ" అంటాడు. ఆ 'ఇంట్లోనే'ని కాస్త సాగదీస్తాడు. అప్పుడు జోసఫిన్ ముఖం ఎంత చిన్నబోయేదో పక్కన కూర్చుని చూసినదాన్ని.

నేను మా అబ్బాయి లెవి దగ్గర ఉంటాను. కారు నడపడం రాదు, ఇంగ్లీషు రాదు. మిషన్ బడిలో ఐదో తరగతితో ఆపేశారు. అయినా ఈ వయసులో తెలుగు బైబిలు కళ్ళజోడు లేకుండా చదువుతాను, మా చర్చిలో డిగ్రీలు చేసిన ఆడవాళ్ళు కొందరు కళ్ళజోడు పెట్టుకునీ చదవలేరు. శుక్రవారం శుక్రవారం స్త్రీల కూడికకు నన్ను కారెక్కించుకుని వెళ్ళేది జోసఫినే. నాకు ఎక్కడా ఆగని నోరు, ఆమెకు వినే ఓపిక. అలా కుదిరింది మా ఇద్దరికీ.

ఒకనాడు కారులో చెప్పింది, బ్లాగు మొదలుపెట్టానని.

"అదేంటే?"

"మన వంటలు ఇంగ్లీషులో రాస్తాను ఆంటీ. ఇక్కడ పుట్టిన మన పిల్లలకి వండటం రాదు కదా, వాళ్ళు చదువుతారు. రీడర్స్ పెరిగితే యాడ్స్ వస్తాయి, యాడ్స్ వస్తే ఇన్‌కమ్."

నాకు ముచ్చటేసింది. చేపల పులుసు, గోంగూర రొయ్యలు, క్రిస్మస్‌కి చేసే గులాబీ పువ్వులు, నాకు తెలిసినవన్నీ పక్కన నిలబడి చేసి చూపించాను. ఆమె ఫోటోలు తీసింది. ఎవరూ చదవలేదు. చదివినవాళ్ళలో సగం మా చర్చివాళ్ళే, వాళ్ళకి ఎలాగూ వండటం వచ్చు. అప్పుడు ఫోనులోనే ఏదో క్లాసులో చేరింది. చేరిన వారానికే ఉత్సాహంగా వచ్చింది.

"ఆంటీ, నేనెక్కడ పొరపాటు చేస్తున్నానో తెలిసింది. రెసిపీ ముందే పెట్టేస్తున్నాను. ముందు కథ చెప్పాలట."

"పులుసు వండుకునేవాడికి కథ దేనికే?"

"కథ చదువుతూ కిందికి దిగుతారు ఆంటీ. దారిలో యాడ్స్ కనిపిస్తాయి. ఎంతసేపు ఉంటే మనకి అంత మంచిది."

"అంటే, ఆకలేసి వచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి, కష్టసుఖాలన్నీ చెప్పి, ఆఖర్న అన్నం పెడతావన్నమాట."

కారు పక్కకి ఆపుకుని మరీ నవ్వింది. తర్వాత ఆ మాట కూడా బ్లాగులో రాసిందట. 'మా చర్చి ఆంటీ' అని నాకో పేరు కూడా వచ్చింది అందులో. తుఫాను వచ్చిన ఏడాది చేపలు దొరక్క వంకాయతో పులుసు పెట్టి మా ఆయన్ని ఎలా నమ్మించానో చెప్పాను, రాసింది. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు ఉప్పు డబ్బా దాచేసిన సంగతి చెప్పాను, అదీ రాసింది. చదివేవాళ్ళు పెరిగారు. నా కథలు నావి. నా చేతులతో నేనిచ్చాను. అడిగితే ఇంకా ఇచ్చేదాన్ని.

ఆ ఎండాకాలం ఫ్రీమాంట్‌లో మా అమ్మాయి రేష్మకు కడుపు పోయింది. మూడోసారి. ఈసారి ఐదో నెల వచ్చాక. నేను విమానమెక్కి వెళ్ళాను. అత్తవారికి గర్భం సంగతే చెప్పలేదు, పోయిన సంగతి ఏం చెబుతారు? "ఎవరికీ చెప్పొద్దమ్మా. అయ్యో అనే ముఖాలు నేను చూడలేను" అంది. నేను వెల్లుల్లి కారం కొట్టి, వేడన్నంలో నెయ్యి వేసి కలిపి పెట్టాను.

"బిడ్డ లేదుగా అమ్మా. నాకెందుకు బాలింత పథ్యం?"

"నీ ఒళ్ళు బిడ్డను మోసింది. ఒంటికి ఆ సంగతి తెలుసు. తిను."

తల వంచుకుని తింది. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

తిరిగి వచ్చాక నన్ను చూసి జోసఫిన్ "ఏమైంది ఆంటీ, ఇలా నల్లబడిపోయారు?" అని అడిగింది. చర్చి ముందు కారులోనే ఉన్నాం. మాలో ప్రార్థన మనవి అరకొరగా చెప్పరు. ఏమైందో, ఎవరికైందో, ఎలా ఉందో అంతా చెప్పాలి. లేకపోతే అవతలి మనిషి దేన్ని పట్టుకుని ప్రార్థిస్తుంది? కూడికలో పెట్టదల్చుకోలేదు. ఆమె ఒక్కదానికే చెప్పాను, వెల్లుల్లి కారంతో, కుళాయి చప్పుడుతో సహా. నా చేతులు పట్టుకుని, మా పిల్లను పేరుపెట్టి దేవుడికి అప్పగించి ఏడ్చింది. ఆ ఏడుపు అబద్ధం కాదు. ఇప్పటికీ నా నమ్మకం అదే.

క్రిస్మస్ ముందు రేష్మ ఫోన్ చేసింది. గొంతు తేడాగా ఉంది.

"అమ్మా, ఎవరికి చెప్పావ్?"

"ఏం చెప్పానే?"

వాళ్ళ ఆడపడుచు ఏదో వంటల బ్లాగు పంపిందట, 'ఇది మీ అమ్మలా ఉందే' అని. రేష్మ ఇంగ్లీషులో చదువుతూ నాకు తెలుగులో చెప్పింది. బిడ్డ లేని బాలింతకు ఒక తల్లి చేసిన వెల్లుల్లి కారం, అని పైన పేరు. నేపర్‌విల్ చర్చి ఆంటీ, ఫ్రీమాంట్‌లో ఉన్న కూతురు, మూడోసారి, ఐదో నెల. కుళాయి తిప్పి ఏడవడం కూడా ఉంది. పేర్లు మాత్రం లేవు. పేర్లు దేనికి, చిరునామా అంతా ఉంటే? ఆఖర్న ఎన్ని రెబ్బలు, ఎంత జీలకర్ర.

"ప్రార్థనకని చెప్పానమ్మా" అన్నాను.

"ప్రార్థనకా?" అని ఫోన్ పెట్టేసింది.

లెవి కారెక్కి నేరుగా జోసఫిన్ ఇంటికి వెళ్ళాను. కాఫీ ఇవ్వబోయింది.

"కాఫీ వద్దు. నా కూతుర్ని ఎంతకి అమ్మావో చెప్పు."

"అయ్యో, అంత మాటా ఆంటీ! పేరు రాయలేదు కదా. చూడండి, ఎంతమంది ఆడవాళ్ళు రాశారో, మాకూ ఇలాగే అయింది, మాకు ఎవరూ పథ్యం పెట్టలేదు అని. చదివి వినిపించనా? మీ మాట వాళ్ళకి ఓదార్పు ఆంటీ."

"వాళ్ళకి ఓదార్పు. నీకు యాడ్స్. మా పిల్లకేం మిగిలింది?"

ఆనందబాబు కలగజేసుకున్నాడు. "ఆంటీ, ఆ ఒక్క పోస్టుతోనే జోసీ బ్లాగు నిలబడింది. దేశమంతా షేర్ చేశారు. షి ఈజ్ అ రైటర్ నౌ." భార్య వైపు చూస్తున్నాడు, నలుగురికీ చూపించుకునే వస్తువును చూసినట్టు. ఇన్నేళ్ళలో ఆమెను అలా చూడటం నేనెరగను. ఆమె కూడా ఆ చూపునే చూస్తోంది, నన్ను కాదు. ఆ రాసింది తీసెయ్యమన్నాను గానీ, అప్పుడే అర్థమైంది, తీయదని.

"తీసేస్తాను ఆంటీ, మీ మీద ఒట్... తప్పకుండా తీసేస్తాను" అంది. మాలో ఒట్టు వేయకూడదు గనక మధ్యలో ఆగింది. దేవుడి మాట అంత జాగ్రత్తగా పాటించే పిల్ల.

తర్వాత లెవిని చూడమన్నాను. వాడు ఫోన్ అటూ ఇటూ జరిపి, "ఉందమ్మా. ఫ్రీమాంట్ తీసేసి డాలస్ పెట్టింది" అన్నాడు.

"మిగతాది?"

"మిగతాది అలాగే ఉంది."

ఆ రోజు నుంచి ఆమె కారు ఎక్కలేదు. కూడికకు పాస్టరమ్మగారితో వెళుతున్నాను. జోసఫిన్ మాత్రం నన్ను చూస్తే ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంటుంది, "ఆంటీ, నా మీద కోపం పోలేదా?" అని అందరిముందూ. కోపం ఉన్నది నాకు గనక చెడ్డదాన్ని నేనే అయ్యాను.

రేష్మ ఆదివారం ఆదివారం ఫోన్ చేసేది. అక్కడ వాన పడిందని చెప్పేది. ఇక్కడ మంచు పడిందని నేను చెప్పేదాన్ని. కడుపున పుట్టిన పిల్లతో వాతావరణం మాట్లాడటం ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుసు.

మొన్న మా కోడలు జెనిఫర్ ఊలు టోపీ ఒకటి పెట్టెలో సర్దుతూ నాకు దొరికిపోయింది. పిడికిలంత టోపీ. ఎవరికని అడిగితే నీళ్ళు నమిలింది. రేష్మకు ఏడో నెల. అన్నకు తెలుసు, వదినకు తెలుసు, ఆడపడుచుకు కూడా తెలుసు. కన్నదానికి తెలియదు.

ఫోన్ చేశాను. "ఏమే, నేను చచ్చిపోయాననుకున్నావా?"

మెల్లిగా అంది, "నీకు చెబితే ప్రార్థనకి పెడతావని భయమేసిందమ్మా."



"పెట్టను" అన్నాను.

"ఎవరికీ?"

"ఎవరికీ."

"అయితే వచ్చే నెల రా అమ్మా" అంది. అని తను ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఈసారి కుళాయి తిప్పలేదు.

ఆ శుక్రవారం కూడికలో స్తుతులూ మనవులూ చెప్పే సమయం వచ్చింది. మాలో మేలు పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పకపోతే దేవుడి దగ్గర దాచినట్టే. లేచి నిలబడి గొంతెత్తి చెప్పాలని నా ఒళ్ళంతా ఊగిపోయింది. మూడు పోయాక ఇది నిలబడింది.

"మీ రేష్మ ఎలా ఉంది కరుణమ్మగారూ?" అని పాస్టరమ్మగారు అడిగారు. ఎదురుగా జోసఫిన్ తల ఎత్తింది. కళ్ళనిండా ప్రేమే.

"బాగుందండీ" అన్నాను. "నాకే మోకాళ్ళు నొప్పులు. వాటికోసం ప్రార్థన చేయండి."

అందరూ తలలు వంచారు. నా మోకాళ్ళ కోసం అందరికన్నా గట్టిగా, కన్నీళ్ళతో ప్రార్థించింది జోసఫినే. ఆమెన్ అన్నాను.