ఏమీ జరగని నిమిషాలు

ప్రత్యేక రాష్ట్రం రావడానికి ఇంకా రెండేళ్లుందనగా, ఆ ఎండాకాలం వరసగా నాలుగు ఆదివారాలు నేను దయ్యాల సినిమాలు చూశాను. నాలుగూ ఒకే కథకు భాగాలు. చౌరస్తా దగ్గర సెల్‌ఫోన్ల దుకాణంలో పెన్‌డ్రైవ్‌కి ఎక్కించుకొచ్చింది నా భార్య తమ్ముడు. నాకు సెలవు ఆదివారం ఒక్కటే. మధ్యాహ్నం అన్నం తిని ఓ గంట కన్నుమూయడం తప్ప ఆ రోజు నుంచి నేను మరేమీ కోరుకునేవాణ్ణి కాదు. కానీ అతను వచ్చి కిటికీలకు దుప్పట్లు కట్టి, కూలర్ నా వైపు తిప్పేవాడు.

"బావా, గీ ఒక్కటి చూడు. మా దోస్తులందరు ఇది చూసి ఒంటికి పోవాల్నన్నా ఇద్దరిద్దరు పోతున్నరు."

నేను బొగ్గుగని మీద దీపాల గదిలో పనిచేసేవాణ్ణి. లోపలికి దిగే ప్రతి మనిషీ నా కిటికీ దగ్గర తన నంబరు బిళ్ల ఇచ్చి, తలకు పెట్టుకునే దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. ఎన్ని దీపాలు దిగాయి, ఎన్ని తిరిగొచ్చాయి అన్నదే నా పని. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. లెక్క మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. ఆ అలవాటు ఎక్కడికి పోయినా నాతోనే వచ్చేది.

సినిమా ఇంగ్లీషులో ఉంది. ఓ కుటుంబం తమ కెమెరాతో తామే తీసుకున్నట్టు, వాళ్లు పోయాక ఆ టేపు ఎవరికో దొరికినట్టు కథ. కెమెరాను ఓ మూల నిలబెట్టి వదిలేస్తారు. మెట్లు, ఓ నడవా, చివర మూసిన తలుపు. బొమ్మ కింద గడియారం అంకెలు తిరుగుతుంటాయి. ఎంతసేపు చూసినా అదే తలుపు. చివరికి ఎక్కడో గిన్నె పడ్డ చప్పుడు. మళ్లీ తలుపు.

నిద్ర ఆపుకోవడానికి చేతి గడియారం విప్పి పక్కన పెట్టుకొని, ఏదైనా జరిగినప్పుడల్లా నోటుబుక్కులో ఓ గీత గీశాను. మొదటి భాగం ఎనభై ఏడు నిమిషాలు. అందులో ఏదో ఒకటి జరిగినవి పదకొండు. రెండో భాగంలో తొమ్మిది. మూడో దాంట్లో కెమెరాలు పెరిగాయి, జరిగేవి ఏడుకు తగ్గాయి.

"సినిమాకు గూడ హాజరు ఏస్తున్నవా?" అంది నా భార్య, చాయ్ తెచ్చి పెడుతూ.

"నీ తమ్ముడు నన్ను తొంభై నిమిషాలు కూసోబెట్టి, పది నిమిషాల పని చూపెడుతున్నడు."

బామ్మర్ది నవ్వలేదు. అతను నా గీతలు చూడటం లేదు, నన్నూ చూడటం లేదు. మోకాళ్లు దగ్గరికి లాక్కుని ఆ తలుపే చూస్తున్నాడు. ఇరవై ఏడేళ్లవాడు ఇలాంటివాటికి జడుసుకోవడమేమిటని అనుకున్నానే తప్ప, ఎందుకని అడగలేదు.

అడగాల్సింది. మామ ఊపిరితిత్తులు చెడి అన్‌ఫిట్ అయినందుకు ఆయన ఉద్యోగం కొడుక్కి వచ్చింది. ఆ నాలుగు వారాలూ అతను శిక్షణలో ఉన్నాడు. నాలుగో ఆదివారం మర్నాడు మొదటిసారి లోపలికి దిగాలి. దిగనంటే ఆ ఉద్యోగం ఇంటికి ఇక లేనట్టే. ఆ ఇంట్లో మరో సంపాదన లేదు.

నాలుగో భాగం అయిపోయింది. నేను గీతలు లెక్కపెట్టాను. ఆరు.

"ఏం లేదురా గిందుల," అన్నాను. "నాలుగు ఆదివారాలు దండుగ. చిన్నపిల్లలు గూడ భయపడరు."

"నాకు భయమైతది బావా."

"దేనికి? గిన్నె పడితే భయమా?"

"గిన్నె పడ్డంక భయం పోతది," అన్నాడు. "ఏం గాకుంట ఉంటది చూడు, గప్పుడే. మేం గిట్లనే కూసున్నం గదా, నాయిన రాని దినం. అవ్వ, అక్క, నేను. తలుపు దిక్కు చూసుకుంట."

నా భార్య చాయ్ గ్లాసులు ఎత్తబోతూ ఆగిపోయింది.

అతనికప్పుడు తొమ్మిదేళ్లు. నాకు పెళ్లై ఏడాది. ఆ రోజు లోపల పైకప్పు కూలి మామ అవతల చిక్కుకున్నాడు. మధ్యాహ్నం మూడుకు నా కిటికీకి రావలసిన దీపం మర్నాడు పొద్దున పదింటికి వచ్చింది. పంతొమ్మిది గంటలు. అంతసేపూ నేను ఆ కిటికీ దగ్గరే నిలబడ్డాను. మామ నడుచుకుంటూ వచ్చి దీపం చేతికిచ్చాడు. నా దృష్టిలో అది తిరిగొచ్చిన నంబరు. అందుకే, బామ్మర్దికి ఉద్యోగమని తెలియగానే పెద్దసారును బతిమాలి ఆ నంబరే అతనికి ఇప్పించాను. ఇంత మంచి నంబరు మరొకటి లేదని ఇంట్లో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా.

"ఆ బిళ్ల ఇచ్చినప్పటిసంది నిద్ర పడుతలేదు బావా," అన్నాడతను. "సినిమాలు చూసి చూసి అలవాటైతదేమో అనుకున్న. కాలె."

"రేపు పొద్దుగాల నంబరు మారుస్త."

"మార్చు. నంబరు మారితే గని మారుతదా?" పెన్‌డ్రైవ్ ఊడదీసి జేబులో వేసుకున్నాడు. "ఒక్క ముచ్చట అడుగుత, కోపానికి రాకు. ఆ దినం నువ్వు గని మీదనే ఉన్నవు గదా. మా క్వార్టర్లకు సైకిలు మీద పది నిమిషాల తొవ్వ. ఒక్కపారి వచ్చి ఎందుకు చెప్పలె?"

"చెప్పేటందుకు ఏం తెలువదు గదా. ఉన్నడో లేడో తెలువకుంట ఏం చెప్పాలె?"

"గదే చెప్పాలె," అంది నా భార్య. పద్దెనిమిదేళ్లలో ఆ మాట తను ఎప్పుడూ నాతో అనలేదు. "ఇంక రాలె, తెలువదు, అని చెప్పాలె. మేం నీ కోసం గూడ చూసినం."

లెక్క తేలనిదే నోరు విప్పకూడదని నాకు నేనే పెట్టుకున్న నియమం. ఆ నియమం వల్ల కిటికీ దగ్గర నా పేరు మంచిదైంది. ఇంట్లో ముగ్గురు దాన్ని పంతొమ్మిది గంటలు భరించారు. నోటుబుక్కులో నేను గీత పెట్టకుండా వదిలేసిన నిమిషాలన్నీ వాళ్లవే.

"నేను రేపు దిగుత," అన్నాడు బామ్మర్ది. "కని నువ్వు అక్కకు ఫోన్ చెయ్యాలె. వచ్చినా, రాకున్నా. మూడు దాటితే చాలు."

సరేనన్నాను.

సోమవారం పొద్దున ఏడింటి షిఫ్టుకు వరసలో నిలబడ్డాడు. కొత్త నంబరు బిళ్ల ఇచ్చాడు, దీపం తీసుకున్నాడు. దీపం తీగ టోపీకి తగిలించుకోవడం చేతకాలేదు. వెనకున్న పెద్దమనిషి, "ఏంది అల్లుడా, పెండ్లి బాసింగమా అది, గట్ల గట్టుకుంటున్నవు?" అని తనే సరిచేసి, భుజం మీద చెయ్యేసి తీసుకుపోయాడు.

మూడింటికి మనుషులు రావడం మొదలైంది. మూడుంబావుకు దీపాలు తగిలించే కొక్కేలు దాదాపు నిండాయి. పదిహేడు ఖాళీ. అతనిదొకటి. మనుషుల్ని పైకి తెచ్చే బండి ఆగిందని ఎవరో అన్నారు. ఎంతసేపటికి నడుస్తుందో ఎవరికీ తెలియదు. ఇంతకు ముందైతే తెలిసేదాకా ఆగేవాణ్ణి. ఫోన్ తీసి చేతిలో పట్టుకొని కూడా కాసేపు ఆగాను. తేలని లెక్క చెప్పడానికి ఆ వయసులో నాకు నిజంగానే సిగ్గనిపించింది.

"ఇంక రాలె," అన్నాను నా భార్య ఫోన్ ఎత్తగానే. "పదిహేడు మంది రాలె. బండి ఆగిందంటున్నరు. గంతే తెలుసు."

"మంచిది," అంది. ఫోన్ పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు. ఫోన్ బల్ల మీద పెట్టి, నడిచి పైకెక్కి వచ్చినవాళ్ల దీపాలు తీసుకుంటూ, ఒక్కో మనిషి రాగానే అటు తిరిగి చెప్పాను. పదహారు. పదిహేను. పద్నాలుగు దగ్గర చాలాసేపు ఎవరూ రాలేదు. "ఎవరు రాలె," అని మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ, "ఊ," అంది.

నాలుగు దాటాక బండి పైకొచ్చింది. నడుములు పట్టేసిన పద్నాలుగు మంది ఒకరి వెనక ఒకరు దిగారు. అతను తొమ్మిదోవాడు. మొహమంతా బొగ్గు. దీపం బల్ల మీద పెట్టి, వెలిగి ఉన్న ఫోన్ చూసి, నన్నడక్కుండానే వంగి దాంట్లో అన్నాడు.

"అక్కా, వచ్చిన. బువ్వ పెట్టు."

వెనక ఇంకా ఐదుగురున్నారు. అతన్ని పక్కకు జరగమని చెప్పి, తర్వాతి దీపం అందుకున్నాను.