బావ ఎత్తిన బస్తా

మా చెల్లెలి భర్త పోర్టులో బస్తాలు మోసే కళాసీ. సరుకు ముందు గుమ్మం దాటాలి, లెక్క తర్వాత. కళాసీల పద్ధతి అది. పూర్ణా మార్కెట్లో ఏ కొట్టుకెళ్లినా బస్తా బయట దించి, లోపలికొచ్చి డబ్బు కడతారు. నేను లెక్కలు నేర్చుకున్నది ఆ కొట్లలో కూర్చునే. అక్కడ వాళ్లనెవరూ దొంగలనలేదు.

మద్దిలపాలెంలో అద్దాల తలుపుల పెద్ద దుకాణం తెరిచారు. బావ అక్కడా బియ్యం బస్తా భుజానికెత్తుకుని, బయట మెట్ల మీద దించి, తిరిగొచ్చి బిల్లు వరసలో నిలబడ్డాడు. కాపలావాడు వచ్చి ఆ వరసలోనే పట్టుకున్నాడు. డబ్బు చేత్తో పట్టుకుని తన వంతు కోసం ఎదురుచూసే దొంగను కనిపెట్టిన ఘనత ఆ దుకాణానిదే.

కింది కోర్టులో, "బస్తా ఎత్తేశావా?" అని అడిగారు.

"ఎత్తీసినాను బాబూ," అన్నాడు బావ.

ఎత్తడం అతని బతుకు. వాళ్లు మాత్రం దొంగిలించడం అని రాసుకున్నారు. పెద్ద చదువుల్లో ఆ మాటకు ఒక్క అర్థమే చెబుతారు కాబోలు. నెల రోజుల జైలు వేశారు. అప్పీలు తేలేదాకా జైలు ఆగింది, దాంతోపాటు పోర్టు గేటు పాసూ ఆగింది. అప్పీలు పోతే పాసు మరి రాదు. పాసు లేకపోతే పనే లేదు.

అప్పీలుకు పెట్టుకున్న లాయరుగారు తెగ ఆలోచించి, "ఆకలికి తీశాడని రాద్దాం. జడ్జిగారు జాలిపడతారు," అన్నారు.

"ఆకలేసినోడు బస్తా ఎత్తగల్డేటి?" అన్నాడు బావ.

జాలి వద్దు, ఎక్కడ పట్టుకున్నారో అదొక్కటే చెప్పండి అన్నాను. ఆ సంగతి కాపలావాడే కింది కోర్టులో అందరి ముందూ చెప్పాడు. విన్నవాళ్లు లేరు, అంతే. లాయరుగారు నన్ను ఈగను చూసినట్టు చూసి, చివరికి అదే చెప్పారు.

పై కోర్టు జడ్జిగారు బావనే పిలిచారు.

"ఎత్తి ఏం చేశావయ్యా?"

"గుమ్మం బయట దించీసినాను బాబూ. లైన్లో శానా మంది ఉన్నారు. అంత బరువెట్టుకుని ఎంతసేపని నిలబడతాను?"

జడ్జిగారు నవ్వలేదు. కాపలావాడి సాక్ష్యం మరోసారి చదివించుకున్నారు. శిక్ష కొట్టేస్తూ, దొంగతనమని గట్టిగా రుజువు కాలేదు కాబట్టి సంశయ లాభం కింద విడుదల చేస్తున్నట్టు తీర్పు ఇచ్చారు. అందరి కళ్లెదుట వరసలో నిలబడ్డవాడి మీద ఇంకా సంశయం దేనికో నాకు అర్థం కాలేదు.

కోర్టు మెట్లు దిగుతూ బావ అడిగాడు.

"లాభం అన్నారు గదా బావా. అందులో మనకేటొత్తాది?"

"నీ గేటు పాసొత్తాది."

"అది ముందు నుంచీ నాదే గదేటి," అన్నాడు.