మా వంశంలో గొట్టాలు లేవండీ

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది నన్ను విజయవాడలోని ఒక పెద్దాసుపత్రికి పిల్లల శస్త్రచికిత్స విభాగాధిపతిగా బదిలీ చేశారు. పదవీ విరమణకు ముందు అదే నా ఆఖరి పోస్టింగు. విభాగాధిపతి అంటే ఒక గది, ఒక ఫ్యాను, బోలెడన్ని సంతకాలు. వాటితోపాటు నోటితో మింగలేని పిల్లల బాధ్యత కూడా నాదే.

అలాంటి పిల్లలకు మెదడులోనో కండరాల్లోనో లోపం ఉంటుంది. కడుపులోకి వెళ్ళాల్సిన ముద్ద ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది. అందుకని ముందు ముక్కులోంచి కడుపులోకి సన్నని గొట్టం వేస్తాం. నెలల తరబడి అవసరమయ్యేలా ఉంటే పొట్టకు చిన్న రంధ్రం చేసి, చొక్కా గుండీ అంత మూత ఉన్న పొట్టి గొట్టం అమరుస్తాం. దాన్ని బటన్ అంటారు. జావ, పప్పుకట్టు సిరంజితో అందులో పోయవచ్చు. ఆపరేషన్ చేయడం కన్నా పెద్దవాళ్ళను ఒప్పించడానికే ఎక్కువ చదువు కావాలి. అది మాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు.

పటమట నుంచి రాజ్యలక్ష్మి గారు మనవరాలు లాస్యను తీసుకొచ్చేవారు. ఆవిడ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. నేను జబ్బు గురించి వివరిస్తుంటే మధ్యలో నా తెలుగు దిద్దేవారు. లాస్యకు నాలుగేళ్ళు, బరువు చూస్తే రెండేళ్ళ పిల్ల. ముక్కుకు గొట్టం ఉంది గాని, చుట్టాలు వస్తున్నారంటే తీయించేసేవారు. వాళ్ళ ఎదుట నాలుగు చెంచాల పెరుగన్నం నోట్లో పెట్టేవారు. చుట్టాలు సంతోషంగా ఇంటికి వెళ్ళేవారు, లాస్య మా వార్డుకు వచ్చేది. ఆ వానాకాలంలోనే రెండుసార్లు ఆక్సిజన్ పెట్టాం. మూడోసారి వస్తే బతికించగలనన్న నమ్మకం నాకు లేదు. నాకు భయంగా ఉందని ఆవిడతో సూటిగానే చెప్పి, బటన్ పెట్టించమన్నాను.

"మా వంశంలో గొట్టాలు లేవండీ," అన్నారు రాజ్యలక్ష్మి గారు. "ఉయ్యూరులో మా పెద్ద ఆడపడుచు మనవడూ ఇలాగే పుట్టాడు. వాడు ఏ గొట్టమూ లేకుండా పులిహోర తింటున్నాడు. శ్రద్ధగా తినిపించాలండీ, అంతే."

పక్కన నిలబడ్డ కోడలు, లాస్య తల్లి, నేల చూపులు చూసింది. శ్రద్ధ లేనిది ఎవరికో ఆ ఇంట్లో ముందే తేల్చేసినట్టున్నారు.

ఆ పులిహోర పిల్లవాడు నాకు బాగా తెలుసు. వాడికి బటన్ అమర్చింది నేనే. అది కనిపించకుండా వాళ్ళ నాయనమ్మ సుభద్రమ్మ గారు వాడికి వదులు చొక్కాలు కుట్టించేవారు. కాని ఒక రోగి సంగతి ఇంకొకరికి చెప్పకూడదన్నది మా వృత్తిలో కచ్చితమైన నియమం. కాబట్టి ఉయ్యూరు పులిహోర మహిమను ఆసాంతం విని తల ఊపాను.

అంతవరకు ఈ పిల్లలు తలో రోజు వచ్చి, ఒకరి మొహం ఒకరు చూడకుండా వెళ్ళిపోయేవారు. అందరికీ కలిపి గురువారం ఓపీ పెడదామని సూపరింటెండెంటు గారిని అడిగాను. "గొట్టాల పిల్లలు అంతమంది ఎక్కడున్నారు మేడం? ఒక బెంచీ చాలదా?" అన్నారాయన. ఆసుపత్రిని నడిపే మనిషికే తెలియనప్పుడు పటమటలో తెలియలేదని నొచ్చుకోవడం అన్యాయం. ఇలాంటి పిల్లలందరూ ఒకచోటే కూర్చుంటారని ప్రతి కుటుంబానికీ ముందే చెప్పి పిలిచాం. రాజ్యలక్ష్మి గారు వెంటనే ఒప్పుకున్నారు, ఎవరూ ఉండరన్న ధీమాతో.

మొదటి గురువారం ఎముకల విభాగం నుంచి బెంచీలు అరువు తెప్పించాల్సి వచ్చింది. వన్ టౌన్ నుంచి, గుడివాడ నుంచి, అవనిగడ్డ నుంచి వచ్చారు. "మా పిల్లకొక్కదానికే అనుకున్నామండీ" అని వచ్చిన ప్రతి తల్లీ నాకు కొత్త విషయంలా చెప్పింది.

లాస్యను ఒళ్ళో పెట్టుకున్న రాజ్యలక్ష్మి గారి ఎదురు బెంచీలో సుభద్రమ్మ గారు మనవడి చొక్కా పైకెత్తి తాపీగా రాగిజావ పోస్తున్నారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"పులిహోర అన్నావు గదా వదినా," అన్నారు రాజ్యలక్ష్మి గారు.

"మీ పిల్లకి ఉత్త జలుబన్నావు గదా రాజ్యం," అన్నారు సుభద్రమ్మ గారు, సిరంజి మీద నుంచి చూపు తిప్పకుండా.

గొడవవుతుందనుకున్నాను, కాలేదు. రాజ్యలక్ష్మి గారు లేచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నారు. నొప్పి పుడుతుందా, స్నానం చేయించొచ్చా, బోర్లా పడుకుంటే ఊడుతుందా అని నన్ను ఎన్నోసార్లు అడిగిన ప్రశ్నలే అడిగారు. సుభద్రమ్మ గారు నేను చెప్పిన జవాబులే చెప్పారు. నా నోట అబద్ధాలుగా ఉన్నవి ఆవిడ నోట నిజాలయ్యాయి. అప్పుడు కోడలు నా దగ్గరికి వచ్చి, "ఆపరేషన్ ఎప్పుడు చేస్తారండీ?" అని అడిగింది. అన్నాళ్ళలో ఆమె గొంతు వినడం అదే మొదలు. అత్తగారు విన్నారు గాని అడ్డు చెప్పలేదు.

ఆపరేషన్ సవ్యంగా జరిగింది. మరుసటి వానాకాలంలో లాస్య మా వార్డు గుమ్మం తొక్కలేదు. పెళ్ళిళ్ళలో ఆ పిల్ల ఏం తింటోందని చెబుతున్నారో నేను అడగలేదు.

పిల్లల్లో ఈ గొట్టాలు ఎంత మామూలని వైద్య విద్యార్థులు అడిగితే అంతకుముందు పుస్తకం చూసి చెప్పేదాన్ని. దాచిన పిల్లలు ఏ పుస్తకంలోకీ ఎక్కరని, దాచినంతకాలం ఈ జబ్బు ప్రతి ఇంటికీ కొత్తదేనని ఆ మొదటి గురువారం ఉదయం తెలిసింది. ఆ తర్వాత అడిగినవాళ్ళను గురువారం వచ్చి చూసుకోమనేదాన్ని. కాస్త ముందుగా రమ్మనేదాన్ని, ఆలస్యమైతే కూర్చోవడానికి చోటుండదని.