తెర మీద బొట్టు

మా తమ్ముడి కొడుకు శ్రీకాంత్ ఉద్యోగం కార్లలో వేలితో నొక్కే తెరలను పరీక్షించడం. అవి వాడటానికి ఎంత సులువుగా ఉన్నాయో చూసి మార్కులు వేస్తాడట. కలిసినప్పుడల్లా "ఇవన్నీ నీకు తెల్వయి పెద్దబాపు" అంటాడు. ఈ రోజు తన కొత్త కారులో నన్ను మలక్‌పేటలో కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

సంతోష్‌నగర్ దాటకముందే వాన దంచింది. ముందు అద్దానికి లోపల ఆవిరి పట్టి రోడ్డు కనబడలేదు. నా పాత కారులోనైతే చూడకుండానే నాబ్ తిప్పేవాణ్ణి. ఇందులో నాబ్‌లు లేవు, పళ్లెమంత తెర ఉంది. ఆవిరి పోగొట్టే బటన్ ఆ తెర మూలన ఉందట. నిన్న పూజ చేసి వాళ్లమ్మ సరిగ్గా దాని మీదే ఇంత కుంకుమబొట్టు పెట్టింది.

"నొక్కురా!"

"బొట్టు చెరిగిపోతది పెద్దబాపు. అమ్మ చూస్తే లొల్లి చేస్తది."

"కొత్త బండికి బొట్టు పెడ్తరని మీ ఆఫీసుల ఒక్కనికి గూడ తెల్వదారా?"

వాడు ఆవిరి పోగొట్టడానికి తెరలో ఇంకో బటన్ వెతకసాగాడు. నేను అద్దం కాస్త తుడిచి చూస్తే ఎదురుగా రోడ్డు దాటుతూ పాలవాళ్ల బర్రె. నేను అరిస్తే బ్రేకు వేశాడు. జానెడు దూరంలో ఆగాం. అప్పుడు తెర మీద అక్షరాలు వెలిగాయి: "దయచేసి రోడ్డు మీదే దృష్టి పెట్టండి."

మలక్‌పేట దాకా నా తువ్వాలుతో అద్దం తుడుస్తూనే ఉన్నాను.

"దీనికెన్ని మార్కులేసినవ్‌రా?"

"మంచిగనే ఏసిన పెద్దబాపు."

మీ ఇళ్లలో ఇలాంటి మేధావులు ఎందరున్నారో చెప్పండి. బర్రెకు మాత్రం నేను నూటికి నూరు వేశాను. అది మమ్మల్ని చూసి ఆగింది.